నలభై మూడు వేల సగటు

ఏప్రిల్ 4

ఉద్యోగం వచ్చింది. చదివిన కాలేజీలోనే, ఆరు నెలల వరకే. పదహారు వేలు. అందులో తొమ్మిది నా చదువు అప్పుకే పోతుంది. మ్యాథ్స్ డిగ్రీ పట్టుకుని ఏడాదిగా తిరుగుతున్నదాన్ని, బేరమాడే మొహమా నాది?

ఇంట్లో కాలేజీలో ఉద్యోగం అని మాత్రం చెప్పాను. ఆరు నెలల సంగతి చెప్పేలోపే అమ్మ వీధంతా చాటింపు వేసేసింది. ఇక చెప్పలేదు.

ఏప్రిల్ 11

పాత స్టోర్‌రూమ్‌లో ఆరు కుర్చీలు, ఆరు హెడ్‌సెట్లు. కూర్చున్నవాళ్లమంతా మా బ్యాచ్ మ్యాథ్స్ వాళ్లమే. మాతో పాసైన వాళ్లకి ఫోన్ చేసి ఎక్కడ పనిచేస్తున్నారు, జీతమెంత అని అడగాలి. నంబరు కలిపేది కంప్యూటరే. మాకు వరస సంఖ్య తప్ప ఏదీ కనపడదు. ఏం మాట్లాడాలో నన్నే రాయమన్నారు. నమస్కారమండీ, మీరు చదివిన కాలేజీ నుంచి, ఒక్క రెండు నిమిషాలు అని మొదలుపెట్టాను. అందరూ అదే చదువుతున్నారు.

సగం మంది ఎత్తరు. ఎత్తినవాళ్లలో కొందరు జీతం అనగానే పెట్టేస్తారు. మా క్లాసు టాపర్ ఎత్తింది. చిన్నపిల్లలకి ఇంటింటికీ వెళ్లి ఎక్కాలు చెబుతోందట. నీకు తోచింది రాసుకోవే, నన్ను మాత్రం మళ్లీ అడక్కు అంది.

మే 2

ఇవాళ పని మధ్యలో నా బ్యాగులో ఫోన్ మోగింది. ఎత్తితే పక్క కుర్చీలోని గళ్ల చొక్కావాడి గొంతే! కంప్యూటర్ నా నంబరే కలిపింది. మీ నెలజీతమెంతండీ అని వాడు, తమకి తెలియనిదేముందండీ అని నేను. రూమంతా పడీ పడీ నవ్వింది.

జవాబు ఎక్కించబోతే ఆ వరస ముందే నింపి ఉంది. ఉద్యోగి, అని. మిగతా ఐదుగురివీ అంతే. ప్లేస్‌మెంట్ సార్‌ని అడిగాను. సెప్టెంబరు ముప్పైన ఎంతమంది ఉద్యోగంలో ఉన్నారనే పైవాళ్లు చూస్తారమ్మా, ఆ రోజుకి మీరు ఉన్నట్టేగా అన్నాడు. టీ తాగావా అని అడిగినంత మామూలుగా. లెక్కపెట్టడానికని పిలిచి మమ్మల్నే లెక్కలో వేసుకున్నారు. ఆ తర్వాత రోజంతా ఎవరికీ నవ్వు రాలేదు.

మే 20

సగటు తీశాను. అరవై రెండు మందిలో జవాబిచ్చింది ముప్పై ఒకరు. వాళ్లలో పన్నెండు మందికి ఉద్యోగం లేదు. సార్ వాళ్లని తీసెయ్యమన్నాడు. జీతమే లేనివాళ్లు జీతాల సగటులోకి ఎలా వస్తారట. మిగిలింది పంతొమ్మిది. పద్దెనిమిది మందికి అటూ ఇటూగా పద్దెనిమిదేసి వేలు. ఒక్కడికి మాత్రం షేర్ల కంపెనీలో నెలకి ఐదు లక్షలు. ఆ కంపెనీ వాడి మేనమామదే. వీణ్నీ తీసెయ్యనా సార్ అంటే నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

నలభై మూడు వేలు వచ్చింది. కూడికలో తప్పు లేదు, మూడుసార్లు చూశాను.

మే 21

కాకిలెక్క. నా చేత్తో వేసింది.

జూన్ 11

బస్టాపులో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. మ్యాథ్స్ డిగ్రీ, సగటు జీతం నలభై మూడు వేలు. చెల్లి ఆ ఫ్లెక్సీని ఫోటో తీసుకొచ్చి నాన్నకి చూపించింది. దానికి రెండు చోట్ల సీటొచ్చింది. ఒకటి ఆసుపత్రిలో డయాలిసిస్ టెక్నీషియన్ కోర్సు. ఫీజు లేదు, పైగా స్టైపెండ్ ఇస్తారు. రెండోది మా కాలేజీ మ్యాథ్స్. దీనికైతే నాన్న వెల్డింగ్ షాపు బ్యాంకులో తాకట్టు పెట్టాలి. నా అప్పే ఇంకా ఆరేళ్లుంది.

చెల్లికి లెక్కల పిచ్చి. పట్టించింది నేనే. దానికి జీతం గొడవ లేదు. నాన్నని ఒప్పించడానికి ఒక నంబరు కావాలి, అంతే. ఆ నంబరు నేనే చేసి పెట్టాను.

జూన్ 14

డాబా మీద బట్టలు ఆరేస్తూ ఆ సగటు ఎలా వచ్చిందో చెల్లికి చెప్పాను. పూర్తిగా చెప్పనే లేదు, వరసగా నిలబెడితే మధ్యలో ఉన్నవాడికెంత అక్కా అంది. పదిహేడు అన్నాను. ఉద్యోగం లేనివాళ్లని కూడా నిలబెడితేనో అంది. ఎంత చురుకు దానికి!

అయినా నీకు ఉద్యోగం వచ్చిందిగా మరి, అది అబద్ధం కాదుగా అంది.

అప్పుడు చెప్పాల్సింది. తడి దుప్పటి రెండో కొస దాని చేతికిచ్చాను.

జూన్ 15

అన్నం దగ్గర నాన్న అడిగాడు. పెద్దదానివి, అక్కడే పనిచేస్తున్నావు, అప్పు తీరుతుందో లేదో నువ్వే చెప్పు, నువ్వు ఊ అంటే రేపే బ్యాంకుకి పోతా అన్నాడు. వెల్డింగ్ చేసీ చేసీ ఆయన కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి. తీరదంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెబితే నా ఆరు నెలల సంగతీ బయటపడుతుంది. చెల్లి అన్నం కలపడం ఆపేసి నా వంకే చూస్తోంది.

తీరుతుంది నాన్నా అన్నాను.

ఇంత పిరికిదాన్నని నాకే తెలీదు. నాన్న ఇంకో ముద్ద ఎక్కువ తిన్నాడు.

జూన్ 16

షాపు కాగితాలు బ్యాంకుకి ఇచ్చేశారు.

అక్టోబరు 1

నిన్నటితో సరి. హెడ్‌సెట్లు ఇచ్చేయమన్నారు, ఇచ్చేశాం. ఇంట్లో చెప్పక తప్పలేదు. అమ్మ ఏడ్చింది. నాన్న షాపు తాళాలు తీసుకుని వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది. చెల్లి మాత్రం, నీకు ముందే తెలుసా అని అడిగింది. తెలుసన్నాను. బ్యాగు భుజాన వేసుకుని క్లాసుకి వెళ్లింది. రాత్రి రోజూలా లెక్క తెచ్చి నా పక్కన కూర్చోలేదు.

నాలుగేళ్ల తర్వాత, మే 6

మందుల షాపులో బిల్లు కొడుతుంటే ఫోన్. నమస్కారమండీ, మీరు చదివిన కాలేజీ నుంచి, ఒక్క రెండు నిమిషాలు. పాసై ఐదేళ్లయినవాళ్ల సర్వే అట. నేను రాసిన మాటలే, ఒక్క ముక్క మారలేదు. గొంతు చెల్లిది. పోయిన నెల ఏదో ఆఫీసులో చేరానని, పర్మనెంటేనని ఇంట్లో చెప్పింది.

చెప్పండి అన్నాను. అవతల అక్కా అనబోయి ఆపేసింది. వెనక ప్లేస్‌మెంట్ సార్ దగ్గు. మీ నెలజీతమెంతండీ అంది.

నలభై మూడు వేలు అన్నాను.

ఎక్కించుకుంది.