వాగు దగ్గర అడగాల్సిన ప్రశ్న

సోమవారం

తమ్ముడు వెండెల్‌కి,

ముందు ఒక్క మాటకు జవాబు చెప్పు. వచ్చే ఆదివారం నువ్వు లారెల్ వాగులో మునగాలనుకుంటున్నది ప్రభువు కోసమా, ఆపై మంగళవారం పడే ఓట్ల కోసమా? తిప్పి తిప్పి చెప్పొద్దు. అవునంటే అవును, కాదంటే కాదు అని ఉండాలన్నాడు ప్రభువు. మధ్యలో ఎన్నికల ప్రసంగం పెట్టమనలేదు.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకంటే, నీ ఫోన్ ఇప్పుడు నువ్వు ఎత్తడం లేదు. నీ ప్రచారం చూసే ఆ కెండ్రా ఎత్తుతోంది. "షెరీఫ్ గారు మీటింగులో ఉన్నారండీ" అంటుంది. ఓట్లే పడలేదు, వాడింకా షెరీఫ్ కాలేదమ్మా అంటే, "అయిపోయినట్టే కదండీ" అని నవ్వుతుంది. అందుకే దీన్ని నీ ట్రక్కు అద్దం మీద వైపరు కింద పెట్టి పోతున్నాను.

ఈ ఉదయం డిపోలో, ఇళ్లకు గ్యాస్ చేరవేసే నా లారీ ట్యాంకు నింపుకుంటుంటే ఆ అమ్మాయీ, మన సంఘం పెత్తనం చూసే డీకన్ ఓటిస్ బోగ్సూ కలిసి వచ్చారు.

"బ్రదర్ హోబర్ట్, ఆదివారం నీ ప్రసంగం కాగానే వాగు దగ్గర బాప్తిస్మం ఉందని ప్రకటించాలి" అన్నాడు ఓటిస్.

"ఎవరికి?"

"ఇంకెవరికి, మన వెండెల్‌కే."

"వాడికి పదకొండో ఏట మా నాన్న ఇచ్చాడు కదా. నువ్వూ గట్టు మీద నిలబడి పాడావు. శ్రుతి తప్పింది కూడా."

కెండ్రా అందుకుంది. "అది పాతదండీ. ఫోటోలు కూడా లేవు."

"ఫోటో లేకపోతే ప్రభువు దగ్గర చెల్లదా తల్లీ?"

"ప్రభువు దగ్గర చెల్లుతుందండీ. ఓటర్ల దగ్గరే ఇబ్బంది. అవతల పోటీ చేస్తున్న డ్వేన్ మెసర్ ఆగస్టులో మునిగాడు. ఆ వీడియో చూడనివాళ్లు ఈ కౌంటీలో లేరు. అప్పటినుంచి మనం వెనకబడ్డాం."

ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. ఆమె ఏ సంఘంలోనూ పెరగలేదు, ఆమెకు నీళ్లంటే నీళ్లే. నువ్వు అలా కాదు కదరా! మన సంఘంలో రెండోసారి మునగడమంటే అర్థమేమిటో నీకు తెలియదా? మొదటిది చెల్లలేదని ఊరి ముందు ఒప్పుకోవడం. నాన్న నీ వీపు కింద చేయి పెట్టి నిన్ను ముంచి లేపింది ఉత్త స్నానమని చెప్పడం. ఆయన సమాధి కనిపించేంత దగ్గర్లో నిలబడి, కెమెరా ముందు ఆ మాట చెబుతావా?

అపొస్తలుల కార్యాలు ఎనిమిదో అధ్యాయం తియ్యి. సమరయ ఊళ్లో సీమోను అనే గారడీవాడు ఉన్నాడు. జనమంతా వాడి వెనకే. ఫిలిప్పు వచ్చి సువార్త చెప్పేసరికి జనంతో పాటు వాడూ నీళ్లలోకి దిగాడు, పైకొచ్చాడు. తర్వాత పేతురు చేతుల్లోని శక్తిని తనకూ డబ్బుకు అమ్మమన్నాడు. ఒళ్లు తడిసింది గానీ, నీ హృదయం సరిగా లేదు పొమ్మన్నాడు పేతురు. నిన్ను ఆ సీమోనులా చూడలేను.

ఇంకోటి కూడా విను, నీకు ఎవరూ చెప్పి ఉండరు. ప్రభురాత్రి భోజనానికి చిన్న గాజు గిన్నెల్లో ద్రాక్షరసం పోసేది మనకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆర్డెల్లా అక్కే. మనిద్దరికీ ఆదివారపు బడిలో పాఠం చెప్పింది. ఆమె ముంగిట్లో డ్వేన్ మెసర్ ఎన్నికల బోర్డు ఉంది. ఎందుకుండదు? మతి తప్పిన ఆమె భర్త మంచులో ఎటో వెళ్లిపోతే, కొండంతా వెతికి మోసుకొచ్చింది ఆ డ్వేనే. ఆ బోర్డు చూసి ఓటిస్ ఆమె చేతిలోంచి ఆ పని తీసేశాడు. "అవతలివాళ్లు పోసిన రసం మనవాళ్లకు మింగుడు పడదు" అన్నాడట. ప్రభువు ఆ రాత్రి తనను పట్టించబోయే యూదాకు కూడా రొట్టె అందించాడు. మనం మాత్రం ముంగిట్లో బోర్డు చూసి గిన్నెలు లాక్కుంటున్నాం. బెంచీల మీద బైబిళ్ల పక్కనే ఎవరికి ఓటెయ్యాలో చెప్పే కాగితాలు. నీ ముఖం ఉన్నవే, వెండెల్. వాటిని నేను ఏరి పొయ్యిలో వేస్తుంటే, మళ్లీ వారం ఎవరో కొత్తవి పెడుతున్నారు.

నేను ఓటు నీకే వేస్తాను. మంచి పోలీసువి, ఎవరి మీదా చెయ్యెత్తవు. కానీ నిన్ను ఆ వాగులో ముంచను. ఇంకెవరి చేతనైనా ముంచుకుంటే, ఆదివారాల్లో మా ఇంట్లో నా భోజనాల బల్ల దగ్గర నీకు కుర్చీ ఉండదు. కోపంలో అన్న మాట కాదు ఇది.

నీ అన్న,
హోబర్ట్


గురువారం

అన్నా,

దీన్ని నా ప్రచార కాగితం వెనకే రాస్తున్నాను. ఇంట్లో వేరే కాగితమే లేదు. నవ్వుకుంటే నవ్వుకో.

నువ్వు అడిగినదానికి జవాబు: ఓట్ల కోసమే. అవునంటే అవును అన్నావుగా, ఇదుగో. కెండ్రా చెప్పింది, నేను సరేనన్నాను. కానీ సరేనన్న దగ్గరనుంచి నాకు నిద్ర లేదు. నువ్వు అనుకునే కారణానికి కాదు.

నా పదకొండో ఏట, నువ్వు వేసవి మొదట్లోనే బాప్తిస్మం తీసుకున్నావు. ఆ తర్వాత ప్రతి ఆదివారం, నమ్మినవాళ్లను ముందుకు రమ్మనే పిలుపు పాట పాడేటప్పుడు నాన్న నావైపే చూసేవాడు. ఏమీ అనేవాడు కాదు. పాటకు ఇంకో చరణం, ఇంకో చరణం పెంచేవాడు. అందరూ అలిసిపోయి నిలబడి ఉండేవాళ్లు. ఒకసారి అమ్మ నా చెవిలో, "వెళ్లు నాన్నా, మీ నాన్న గొంతు పోతోంది" అంది. వెళ్లాను. నమ్ముతున్నావా అని నాన్న అడిగాడు. నమ్ముతున్నానన్నాను. నీళ్లలోంచి లేచాక నాకు చలి తప్ప ఏమీ తెలియలేదు. అమ్మ తువ్వాలు పట్టుకుని ఏడుస్తోంది. ఆ ఏడుపు చూశాక అబద్ధమాడానని ఎలా చెప్పను?

తర్వాత చెప్పడానికి ఎప్పుడూ వీలు పడలేదు. నువ్వు ప్రసంగీకుడివి అయ్యావు. నేను నీ తమ్ముణ్ని అయ్యాను. భోజనాల దగ్గర ప్రార్థన చెయ్యమంటే చేశాను. పోలీసు పనిలో చేరాక, చనిపోయినవాళ్ల ఇళ్లకు వెళ్లి "ప్రార్థిస్తామండీ" అన్నాను. ఇప్పుడు ప్రతి మీటింగులోనూ "వెండెల్ స్టిడమ్, విశ్వాసి" అని పరిచయం చేస్తుంటే, వెనక ఎవరైనా నిలబడ్డారేమో అని చూడాలనిపిస్తుంది.

కాబట్టి నాన్న చేసింది స్నానమే అన్నా. ఆయన తప్పు కాదు. అది ఆయనకు తెలియదు.

ఇప్పుడు నమ్ముతున్నానా అని అడుగుతావు. తెలియదు. ఈ మధ్య ఒంటరిగా కారు నడుపుతున్నప్పుడు నోరు తెరిచి ఎవరితోనో మాట్లాడుతున్నాను. అది ప్రార్థనో, ఎన్నికల భయమో తేల్చుకోలేకపోతున్నాను. ఆదివారం నువ్వు ముంచకపోతే, పై ఊరి సంఘం పాస్టర్‌ను మాట్లాడతానంటోంది కెండ్రా. వద్దనడానికి నాకు నోరు రాలేదు.

ఈ ఉత్తరం ఓటిస్‌కు చూపిస్తే నా పని అయిపోయినట్టే. చూపించాలనుకుంటే చూపించు.

వెండెల్


శనివారం పొద్దున

నా తమ్ముడా,

నీ ఉత్తరం పొయ్యిలో వేశాను. కాగితం మీద నీ ముఖం ముందు కాలింది, మాటలు తర్వాత. నేవాకు కూడా చూపించలేదు. ఇంటిదానికి చెప్పకుండా నేను దాచిన మొదటి సంగతి ఇదే కాబట్టి, నా ముఖం చూసి ఆమె కనిపెట్టే ఉంటుంది. అడగలేదు.

నువ్వు గెలిచావు. ఓట్ల సంగతి కాదు, వాక్యం సంగతి. నమ్మకం ముందు, నీళ్లు తర్వాత అని ప్రతి ఆదివారం గొంతు చించుకునేవాణ్ని నేనే. నమ్మకం లేకుండా మునిగితే అది స్నానమే అన్నవాణ్నీ నేనే. అప్పుడు నువ్వు నమ్మలేదు కాబట్టి నీకు బాప్తిస్మం ఇంకా కాలేదు. నాన్న ఉంటే, మింగుడు పడకపోయినా, ఇదే అనేవాడు. నిన్ను ఆ నీళ్లనుంచి ఆపే హక్కు నాకు లేదు.

కానీ రేపు మాత్రం కాదు. ఎందుకో చెబుతాను, విను. నడుము లోతు నీళ్లలో నిలబెట్టి, యేసును నమ్ముతున్నావా అని నిన్ను అడగాలి. రేపు గట్టు మీద సంఘమంతా ఉంటుంది, కెండ్రా కెమెరా పెడుతుంది, ఓటిస్ శ్రుతి లేకుండా పాడుతుంటాడు. అప్పుడు నువ్వు కాదు అనగలవా? కాదు అనడానికి వీల్లేని చోట అడిగేది ప్రశ్నే కాదు. పదకొండో ఏట నాన్న నిన్ను అడిగింది అలాంటిదే. పాటకు చరణాలు పెంచి, అమ్మకు దిగులు పుట్టించి అడిగాడు. రేపు ఇంకో గొంతుతో అదే మళ్లీ అడిగిస్తారు. నిన్ను రెండోసారి అలా అడిగే మనిషిని నేను కాను. పై ఊరి పాస్టర్‌నూ కానివ్వకు.

నిన్న మధ్యాహ్నం ఓటిస్‌కు చెప్పేశాను. "ఆదివారం బాప్తిస్మం లేదు. ప్రభురాత్రి భోజనం ఉంది. రసం ఆర్డెల్లా అక్క పోస్తుంది."

"అలాగైతే నీకు వేరే సంఘం చూసుకోవాల్సి వస్తుంది, హోబర్ట్."

"నా లారీ ఎక్కడైనా నడుస్తుంది ఓటిస్. ముందు ఈ గిన్నెలు ఆమె ఇంట్లో ఇచ్చి వస్తా."

పట్టుకెళ్లి ఇచ్చాను. అక్క ఆ పెట్టె ఒళ్లో పెట్టుకుని గిన్నెలు ఒక్కొక్కటే తీసి లెక్కపెట్టుకుంది. అప్పుడు అడిగాను, రేపు కాదు, ఈ రోజు పొద్దున్నే వాగు మీది ఉయ్యాల వంతెన దగ్గరికి రాగలవా అని. సంఘం తరఫున ఒక సాక్షి ఉండాలి కదా. ఎవరైనా మునగొచ్చు, మునగకపోవచ్చు అన్నాను. ఎవరని చెప్పలేదు. ఆమె అడగకుండానే అంది: "వాడికి ఓటు మాత్రం వెయ్యను, ముందే చెబుతున్నా. తువ్వాలు తెస్తాను."

సోమవారం నీకు ఎనిమిదో అధ్యాయం చూపించి, సీమోను దగ్గరే మూసేశాను. ఆ అధ్యాయం అక్కడ అయిపోలేదు. అదే ఫిలిప్పును ప్రభువు జనం ఉన్న ఊళ్లోంచి లేపి ఎడారి దారికి పంపాడు. అక్కడ రథంలో ఒక రాణి గారి కొలువులో పెద్ద అధికారి, ఒంటరిగా, చదువుతున్నది అర్థం కాక కూర్చుని ఉన్నాడు. ఆయనా నీలాంటి ఉద్యోగస్థుడే. దారి పక్కన నీళ్లు కనిపించగానే, ఇదిగో నీళ్లు, నాకు అడ్డేమిటి అని అడిగాడు. రథం ఆపించాడు. ఇద్దరూ దిగారు. చూసేవాళ్లు ఎవరూ లేరు. ఎవరికీ ఓటు పెరగలేదు.

కాబట్టి ఈ రోజు రా. నీళ్లు చల్లగా ఉన్నాయి, తెల్లారగట్టే వెళ్లి దిగి చూశాను. వంతెన కింద నిలబడి ఒక్కసారే అడుగుతాను. నీ జవాబు కాదు అయితే కాదనే చెప్పు. ఆ తువ్వాలు మడత విప్పకుండానే మా ఇంటికి పోదాం, నేవా వేడి బిస్కెట్ రొట్టెలూ, మీద పోసుకునే గ్రేవీ చేస్తోంది. నా బల్ల దగ్గర నీ కుర్చీ నీదే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అవును అయితే ముంచుతాను. కానీ మంగళవారం లెక్క ముగిసేదాకా అది నీకూ నాకూ అక్కకూ ప్రభువుకూ తప్ప ఎవరికీ తెలియకూడదు. ఓడిపోతే ఓడిపో. తడిసినవాడివి తడిసినట్టే ఉంటావు.

ఈ ఉత్తరం వైపరు కింద పెట్టి నేరుగా వాగుకే పోతున్నాను. కెండ్రా లేచే లోపు చదువు. ఫోన్ ఇంట్లో వదిలెయ్. పాత ప్యాంటు వేసుకో. ఆలోచించుకుని సాయంత్రం వస్తాననకు, సాయంత్రానికి నీ చుట్టూ జనం చేరతారు. ట్రక్కు తాళం తిప్పు వెండెల్, ఇప్పుడే బయలుదేరు. నేను నీళ్లలో నిలబడి ఉంటాను.

నీ అన్న,
హోబర్ట్