మంగళవారం బయలుదేరతానన్న మనిషి

జూలై 7, మంగళవారం
పొద్దున్నే కోడలు పార్వతి వంటింటి గుమ్మంలో. పలాసలో వాళ్ళమ్మకి ఆయాసమట. రాత్రి ఫోన్లో మాట్లాడింది.
"అమ్మ గొంతు బాగోలేదత్తయ్యా... ఇయాలే ఎల్తాను."
డాక్టరేమన్నాడు? నిలకడగా ఉందన్నాడు. బీపీ? మామూలే. టిక్కెట్టు? శనివారానికి గాని లేదు. మరి గొంతేమిటి, గొంతు రిపోర్టా, శనివారమే వెళ్ళు — అన్నాను. ఫిజిక్సు చెప్పి చెప్పి అరిగిన నోరు.
అమ్మ చెప్పిందే కరెక్టు అన్నాడు మావాడు. బళ్ళో నా క్లాసులో కూర్చున్న నాటి నుంచీ వాడికదే అలవాటు. గమ్హరియా ఫ్యాక్టరీలో షిఫ్టుకి వెళ్ళిపోయాడు.

జూలై 8
కూరలో ఉప్పు లేదు. అందరమూ పైన కలుపుకున్నాం. మనవరాలు నా చెవిలో, ఇక్కడి బడి హిందీలో — "దాదీ, మమ్మీ రో రహీ థీ." ఏడిస్తే బండి ముందొస్తుందా అన్నాను. చమత్కారమనుకున్నాను.

జూలై 9
మధ్యాహ్నం ఫోను. ఆవిడ పోయింది.
పార్వతి జనరల్ బోగీలో వెళ్ళింది. ఆ బోగీ మంగళవారమూ ఉంది. చావింటికి వెళ్ళేవాళ్ళు వెళ్ళొస్తానని చెప్పరు — గేటు దగ్గర ఇద్దరం నోరు మెదపలేదు. ఏ ఆచారమూ నన్నింతగా ఆదుకోలేదు.

జూలై 10
ఇప్పుడు తట్టింది. మంగళవారం గోళ్ళు కూడా తీయదు పార్వతి. మంగళవారం కోడలు పుట్టింటికి బయలుదేరకూడదని సొంత తమ్ముడి నిశ్చితార్థానికే ఒక రోజు ఆగింది. ఆ మనిషి "ఇయాలే" అంది. ఇంకేం రుజువు కావాలి నాకు? ఆ పట్టింపులకి నవ్వడమే వచ్చు; వాటిని దాటాలంటే లోపల ఎంత భయముండాలో ఆలోచించలేదు.

జూలై 14
మా భాలుబాసా పేటంతా పరామర్శకొస్తోంది. పెద్దావిడే కదా, వయసైందే కదా... అన్నీ నిజాలే. ఒక్కటీ పనికిరాదు.

జూలై 24
వచ్చింది. చిక్కిపోయింది. నేను ఆపకుండా ఉండాల్సింది పార్వతీ — అన్నాను.
"మీరు మంచికే సెప్పారు కదత్తయ్యా."
బట్టలు తడపడానికి పెరట్లోకి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

జూలై 26
మనవరాలికి జ్వరం. ఇదివరకైతే నుదుటి మీద చెయ్యి వేసి, కాగిపోతోందని ఇల్లంతా కదిలించేది పార్వతి. ఇవాళ థర్మామీటరు తెచ్చి నా చేతిలో పెట్టింది.
"నూటొకటత్తయ్యా. డాక్టరు కాడికి తీసికెల్లాలా?"
నీకేమనిపిస్తోంది, అన్నాను.
"నాకేటి తెలుస్తాది."
వెటకారం కాదు. నిజంగానే అడుగుతోంది — నిలబడే ఉంది, నేను చెప్తానని...