రెండు జంపఖానాల మధ్య

నవంబరు 9, ఆదివారం. ప్రొద్దుటూరు.

ఈ కోపం ఇంట్లోవాళ్ళమీద చూపించకూడదని ఇక్కడ రాస్తున్నాను.

మా వీధి పొదుపు సంఘాన్నీ పై వీధి సంఘాన్నీ కలిపాక ఇవాళే మొదటి సమావేశం. మావాళ్ళు మా జంపఖానా పరిచారు, వాళ్ళు వాళ్ళది పరిచారు. ఓబులమ్మ పుట్టిల్లు పై వీధి, అత్తగారిల్లు మా వీధి. ఆమె వచ్చి రెంటి మధ్య ఉత్త బండలమీద కూర్చుంది.

"ఆడ కూసున్నావేంది ఓబులమ్మా, ఇట్లా రా" అన్నాను.

"యాడ కూసున్నా ఇంకోళ్ళు మూతి ముడుస్తారు గదక్కా."

"ఉండనీలే అత్తా, బండలు సల్లగుంటాయి" అంది పై వీధి సుశీల. అటువాళ్ళూ ఇటువాళ్ళూ పగలబడి నవ్వారు. కలిశాక మేమంతా కలిసి చేసిన మొదటి పని అదే. ఓబులమ్మ లేచి, "నేనింక రాను" అని వెళ్ళిపోయింది.

సిగ్గులేని మనుషులు.

1. రేపు ఓబులమ్మ ఇంటికి వెళ్ళాలి.
2. జంపఖానాలు రెండూ చుట్టి మూల పెట్టించాలి.
3. బండలమీద ఆమె పక్కన ముందు నేనే కూర్చోవాలి, మోకాళ్ళు ఏమైనా సరే.