ఇంకో గుప్పెడు హాప్స్

హైమా, ఫోన్‌లో “పారబోసెయ్ అన్నయ్యా” అనడం తేలికే. మీ ఆయన పోయే ముందురోజు బేస్‌మెంట్‌లో మేమిద్దరం పులవబెట్టిన బెల్జియం బీరమ్మా అది. చేదు కోసం వేసే హాప్స్ పూల పొట్లం ఫ్రీజర్‌లో దాచాను. రోజూ పొద్దున్నే చూస్తే పొట్లం తరుగుతోంది, బీరు చేదెక్కుతోంది. నువ్వేమో ఇర్వింగ్‌లో అమ్మాయి దగ్గరున్నావు, ఇక్కడ ట్రాయ్‌లో మీ ఇంట్లో నేనొక్కణ్ణే. నాకా, కాకరకాయే పడదు. “చాల్లేదు బావా, ఇంకో గుప్పెడు వెయ్” అనేది ఆయనే కదా.

నిన్నటితో పొట్లం ఖాళీ. ఇవాళ పారబోద్దామని దిగితే, బీరు బకెట్ పక్కన రెండు గ్లాసులు కడిగి పెట్టి ఉన్నాయి. బతికుండగా నీ మాటొక్కటే వినేవాడు. వచ్చి నువ్వే చెప్పు, నేను మాత్రం ఆ రెండో గ్లాసు... ఉండమ్మా, కింది నుంచి “రా బావా, చేదు సరిపోయింది” అని