తొందరపడి దిద్దిన కన్ను

అక్టోబరు 15, మంగళవారం
రాత్రి వాన పడి వెలిసింది. గాలి చల్లబడింది. నానిన సోయా గింజలు రుబ్బి, పాలు కాచి, మొదటి వాయి తోఫూ తీసేసరికి తెల్లారింది. ఇది మా ఆయన తొరాజీ చేసే పని. పార్లమెంటుకు నిలబడ్డ కినుయేకు పక్క కొట్లో ఎన్నికల ఆఫీసు తెరవాలని టై కట్టుకుని వెళ్లిపోయాడు. ఈయన హార్ట్ ఇక బరువులు మోయదని డాక్టరు వేసవిలోనే చెప్పారు. కినుయే గెలిచేదాకా మోస్తుందిలే, అన్నాడు ఈయన.

అక్టోబరు 16
వంటింటి అరలో దారుమా బొమ్మలు దులిపాను. ఎన్నికలకు ముందు ఎర్ర బొమ్మకు ఒక కన్ను దిద్దుతారు. గెలిస్తే రెండోది. ఏడాది చివర గుడిలో ఇచ్చి కాల్చేయాలి. ఈయన కాల్చనివ్వడు. ఈ తొమ్మిదో నియోజకవర్గం గీసినప్పటి నుంచి జరిగిన ఎన్నికలన్నీ మా అరలోనే ఉన్నాయి. మా పాత ఎంపీ హొసోయా పెద్దాయనవి నాలుగు రెండేసి కళ్లతో, రెండు ఒంటికంటితో. రెండో ఓటమి తర్వాత ఆయన మంచం దిగకుండానే పోయారు. మిగతావి ఆయన కూతురు కినుయేవి. అన్నీ ఒంటికంటివే.

కినుయే ఇక్కడ ఓడినా, చివరి రెండుసార్లు పార్టీకి పడ్డ ఓట్ల లెక్కన దాని జాబితాలోంచి సభకు వెళ్లింది. మనవాళ్లు సంబరంగా కుంచె తెస్తే వద్దంది. పెరటి గుమ్మంలోంచి పోయేదానికి కన్నెందుకు బాబాయ్, ఇక్కడి జనం పంపినప్పుడు దిద్దుకుందాం, అందట. ఆ రోజు చూసే పోతానని ఈయన పట్టు.

అక్టోబరు 18
ఈసారి హద్దు మార్చారు. గీత మా వీధి నడిమధ్యలోంచి పోయింది. ఎదుటి వరుస తొమ్మిదిలోనే ఉంది. మా వరుసను పదకొండులో కలిపేశారు. కినుయేకు ఓట్లు వేయించడానికి వార్డంతా తిరిగే మనిషికి ఆమెకు వేసే ఓటు లేదు.

ఎదుటి వరుసలో సెలూన్ నడిపే ఓనుకి అనే ఆయన ఊరుకుంటాడా. ఏం తొరాజీ, మా దేశం వస్తున్నావు, పాస్‌పోర్టు ఉందా, అని గుమ్మంలోంచి అరిచాడు. నా జుట్టు కావాలంటే నువ్వే వీసా ఇప్పించరా, అన్నాడు ఈయన. ఇద్దరూ నవ్వుకున్నారు. ఇంట్లోకొచ్చాక ఈయన చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు.

అక్టోబరు 20
మైకు కారు పొద్దస్తమానం తిరుగుతోంది. ప్రచారంలో చేతులూపడానికి వేసుకునే తెల్ల గ్లవ్స్ ఉతికి ఆరేశాను, ఆయనవీ కినుయేవీ ఒకే తీగ మీద.

అక్టోబరు 23
కినుయే గొంతు బొంగురు పోయి మా కొట్లోకి వచ్చింది. ఎన్నికలప్పుడు టీ ఇవ్వొచ్చు, తోఫూ ఇస్తే నేరం. ఆకలిగా ఉన్నా తోఫూ తొట్టె వైపు చూడలేదు. బాబాయ్, నువ్వు పడిపోతే మా నాన్న నన్ను తిడతాడు, అంది. మైకు పెట్టుకుని అరిచెయ్, మీ నాన్న తిట్లు వినపడవు, అన్నాడు ఈయన. ఆయన అటు తిరిగాక, ఈ మనిషిని ఇంటికి పంపించెయ్యమ్మా అని అడిగాను. నేను చెప్తే వింటాడా పిన్నీ, మా నాన్న మాటే వినలేదు, అంటూ తల వంచి నమస్కరించింది.

అక్టోబరు 28, సోమవారం
నిన్న పోలింగ్. ఈయన పదకొండో నియోజకవర్గం కాగితం తీసుకుని ఏ పేరూ రాయకుండా మడిచి పెట్టెలో వేశాడు. నేను ఎవరో ఒకరి పేరు రాశాను.

రాత్రి టీవీలో కినుయే గెలుపు ఖాయం అన్నారు. ఆఫీసంతా లేచి మూడుసార్లు చేతులెత్తి బన్‌జాయ్ అని జేకొట్టింది. కినుయే కుంచె పట్టుకుని, సిరాలో ముంచి, ఈయన చేతికిచ్చింది. నీకు ఓటు లేకుండా చేశారుగా బాబాయ్, ఇదే నీ ఓటు, దిద్దు, అంది. ఈయన బొమ్మకు రెండో కన్ను దిద్దాడు. కన్ను పెద్దదయింది. సిరా చెంప మీదికి జారింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

గంట తిరక్కముందే టీవీ మాట మార్చింది. పొరపాటు జరిగిందని వార్తలు చదివే మనిషి తల వంచాడు. రైలు కట్ట అవతలి కొత్త పేటల పెట్టెలు లెక్కకు రాకుండానే చెప్పారట. అక్కడే పోయింది సీటు. జాబితాలోనూ ఈసారి చోటు దొరకలేదు.

ఎవరూ బొమ్మ వంక చూడలేదు. ఓనుకి తడిగుడ్డ తెచ్చి తుడవబోతే ఈయన అతని చెయ్యి పట్టుకుని ఆపాడు. ఇంటికొచ్చేటప్పుడు బొమ్మను ఏప్రన్‌లో చుట్టి తెచ్చాడు. తప్పు నా చేతిదే, అన్నాడు.

అక్టోబరు 29
కినుయే పొద్దున్నే స్టేషన్ ముందు నిలబడి, ఆఫీసులకు వెళ్లేవాళ్లందరికీ వంగి నమస్కరించిందట. చూడ్డానికి వెళ్లొద్దని ఈయనతో అన్నాను. వెళ్లాడు. ఆమెకు కనపడకుండా సైకిళ్ల షెడ్డు వెనక నిలబడి చూసొచ్చాడు.

నవంబరు 4
కినుయే పక్క కొట్టు ఖాళీ చేయడానికి వచ్చింది. ఇక పోటీ చెయ్యదట. బొమ్మ ఇవ్వమంది. ఇవ్వనన్నాడు ఈయన. నేను పాడుచేసింది, నేనే గుడికి మోసుకెళ్లి కాలుస్తాను, అన్నాడు. తప్పు చెప్పింది టీవీ బాబాయ్, నువ్వు దిద్దింది మంచి కన్నే, అంది. మంచి కన్నయితే తెరవగానే ఇదా చూడటం, అన్నాడు. ఆమె ఏడవలేదు. వాకిట్లో చెప్పులు తొడుక్కుంటూ చాలాసేపు వంగే ఉంది.

నవంబరు 11
గింజలు నానబోయడం నాకు నేర్పింది ఈయనే. ఇవాళ నీళ్లు ఎంత పొయ్యాలని నన్ను అడిగాడు.

నవంబరు 19
ఎండ కాసింది. కొట్టు తెరవలేదు. తొరాజీ పొద్దున్న ఆరింటికి కన్నుమూశాడు. మధ్యాహ్నం కినుయే వచ్చింది. ఈయన ఇవ్వనన్న బొమ్మ నేనే ఇచ్చాను. గుడికెళ్లే నాలుగింటి బస్సులో ఒళ్లో పెట్టుకుని వెళ్లింది.