నీ పక్క టైరు

రాయచెర్లు,
ఆదివారం పొద్దున.

నాగక్కకు,

నీ మొగుడు చిన్నరంగప్ప రాసేది ఏమంటే, ఈడ నేనూ, ఎనుమూ, రెండు కోళ్లూ బాగుండాము. మూడో కోడి సంగతి కింద రాస్తా. ఆడ నువ్వూ, బిడ్డ శిల్పశ్రీ, అల్లుడూ చల్లగా ఉండారని తలుస్తా.

ఫోను చేస్తే ఎత్తవు. అందుకే కాగితం పట్టినా. ఇదీ ఒకందుకు మేలే. శిల్పశ్రీ చదివింది కన్నడ బడి. తెలుగు అక్షరం చూస్తే దానికి గోడమీద బల్లి పాకినట్టు ఉంటాది. నేనేమో శెట్టి అంగట్లో శనక్కాయలు కట్టిచ్చిన తెలుగు పేపరు ముక్కలు చదివి చదివి నేర్చుకుంటిని, పెండ్లయినాక నీకు నేర్పితిని. అంటే ఈ జాబులో నేనేం రాసినా ఆ ఇంట్లో నువ్వు తప్ప చదివేవాళ్లు లేరు. ఆ ధైర్యంతోనే రాస్తాండా.

చళ్లకెర బస్సు కండక్టరు చేతికి నువ్విచ్చిన చింతొక్కు డబ్బా, చీటీ అందినాయి. ఎనుము పాలిస్తాందా అని అడిగినావు. ఇస్తాంది, కానీ నేను పిండేటప్పుడు తల తిప్పి తిప్పి వాకిలి దిక్కు చూస్తాది. సోలారు ప్లేట్ల కింద గడ్డి బాగా లేచింది. మన చేన్లో ఇప్పుడు అద్దాలు పండుతాండాయి గదా, వాటి నీడకు గడ్డి వచ్చేది ఎవురు అనుకున్యారు చెప్పు? వేళకు తింటాండావా అన్నావు. తింటాండా. సంగటి మాత్రం ఒకనాడు గంజి, ఒకనాడు గుండు.

ఇంక మన కారు సంగతి. "ఆ చప్పుడు పోయిందా? సుత్తితో కొట్టించి రంగు పోగొట్టినారంటే నేను ఈడ్నే ఉంటా" అని రాసినావు. బెల్లంపాకం రంగు నువ్వు ఏరుకున్నదే, మర్చిపోలేదు.

మా తమ్ముని కొడుకని వెనకేసుకొచ్చేది కాదు గానీ, నాగరాజ బండి బాగా తోలుతాడు. వాని పిచ్చి అంతా సోకు మీదనే. లావు టైర్లు వేసినాడు. టైరు మీద కమాను రేకు అంచు లోపలికి మడిచింటాది, వెనక మనిషి కూచోని రోడ్డుకు అడ్డంగా హంపు వచ్చిందంటే ఆ మడత టైరును గీకుతాది. అంతే. ఆ శనివారం గుడికి పోతా హంపు కాడ గర్ర్‌మన్నప్పుడు వాడేమనె? "పెద్దమ్మా, రోంత ఇట్ల జరుగు, నీ పక్క టైరు ఏడుస్తాంది!" నువ్వు ఆడ్నే దిగినావు, గుడికీ రాలేదు, ఇంటికీ రాలేదు, ఎదురొచ్చిన బస్సెక్కి బిడ్డ ఇంటికి పోయినావు.

పావగడలో ఒక షెడ్డుకు తోలుకపోతిమి. ఆ షెడ్డోడు సుత్తి ఎత్తి "రెండు దెబ్బలు, అయిపాయ" అన్నాడు. నేను బండికి అడ్డం పడితిని. "ఇది నా పెండ్లాం రంగు, ముట్టొద్దప్పా" అంటే వాడు నాకు పిచ్చి అనుకున్యాడు. ఆమీట ఇంటికే వచ్చి చేసే మేస్త్రీ హనుమంతరాయ దొరికినాడు. పని కన్నా నోరు పెద్దది. చక్రం ఊడదీసి, ఆ చోట్లో ఒక ఇనప చెయ్యి బిగించినాడు, దాని కొనకు నున్నని రోలరు. దాన్ని అటూ ఇటూ తిప్పుతా, తిప్పినప్పుడంతా గోరంత బయటికి జరుపుతా, మడతను పైకి అణచాల. కానీ చల్లటి రంగు పెళుసు, పగులుతాది. అందుకే క్యాతగానచెర్లులో సోలారు కేబుళ్లకు తొడుగు బిగించే కార్తిక్‌ను అడిగి వేడిగాలి మిషను తెచ్చినాము.

లోపలి మట్టంతా నేనే గీకి కడిగినా. రేకు కాగిందా అని, నువ్వు సంగటిని చూసినట్టు, తడిచేత్తో తట్టితిని. చురుక్కుమనె.

"పెద్దాయనా, ఇది సంగటి కాదు!" అని హనుమంతరాయ అరిచె.

"కాదులే, నేను కెలికిన సంగటి ఇంతకన్నా గట్టిగా ఉంటాది," అంటిని.

మధ్యాహ్నానికి రెండు పక్కలా అణిగిపోయె. హనుమంతరాయ కూలి మాట ఎత్తకముందే కోళ్ల దిక్కు చూసినాడు. మూడో కోడి అట్ల పాయ. దాన్ని తిన్నాక అతన్ని, నన్ను, ఎనుముకు తెచ్చిన రెండు బూసా మూటలను వెనకేసి నాగరాజ అదే హంపు మీద తోలినాడు. ఉలుకూ లేదు పలుకూ లేదు. అణిచింది అణిచినట్టే ఉండాది.

ఇంక పైన రాయాల్సింది కింద రాస్తాండా. నువ్వు బస్సెక్కి పోయినాక ఖాళీ బండిలో ఇంటికొస్తా, ఊరికే నీ చోట్లో కూచుంటిని. హంపు కాడ గర్ర్‌మనె. నాగరాజ అద్దంలో నన్ను చూసె, నేను వాణ్ణి చూస్తిని. గాలొస్తే గుంజ పట్టుకునే మనిషిని నేను, నాకూ ఏడిసింది ఆ టైరు! "పెద్దనాయనా, పెద్దమ్మకు చెప్పొద్దు, నన్ను నరుకుతాది" అన్నాడు. సరే అంటిని. కానీ ఆ పొద్దు వాడు అన్న మాటకు నేనూ పండ్లు కనపడేటట్టు నవ్వింటి గదా, నువ్వు దిగింది వాని మాటకు కాదు, నా నవ్వుకని నాకు తెలుసు. అది నీ బరువు కాదు నాగీ. ఏ పొద్దూ కాదు.

ఇంకొకటి. కడాకు "ఒక్క తిప్పు నేను తిప్పుతా" అని చెయ్యి పెడితిని, అప్పటికి రేకు చల్లారింది. నీ పక్క, టైరు మీద, బియ్యపు గింజంత రంగు లేచిపాయ. నాగరాజ స్టిక్కరు అంటిస్తా అన్నాడు. వద్దంటిని. అది నువ్వు చూడాల, నన్ను తిట్టాల.

బుధవారం బండి ఏసుకోని వస్తాము. తోలేది నాగరాజ, వాడు నీ కాళ్లమీద పడతాడు, లేపొద్దు రోంచేపు. ఆ గింజను చూసి ఎంత తిడతావో తిట్టు, కానీ బండ్లో కూచోని తిట్టు. దోవలో ఏ హంపు కాడైనా గర్ర్‌మనిందంటే, ఈసారి దిగి బస్సెక్కేది నేను.

ఇట్లు,
నీ పక్కన కూచునేవాడు,
శిల్పశ్రీ నాయన.