కుండలో స్పీకరు

గురువారం, రాత్రి

లాప్‌టాప్‌లో సౌండు మరీ తక్కువ. మంచి స్పీకర్లు కొనే స్తోమత లేక, తిరుపతిలో పాత సామాన్ల అంగట్లో చిన్న స్పీకరు కొని, ఖాళీ నీళ్లకుండలో పెట్టాను. ఇల్లంతా మారుమోగింది.

సాయంత్రం సూళ్లూరుపేట నుంచి అక్క వీడియో కాల్ చేసింది. "బాగుండాన్రా" అంది. ఎప్పటిలాగే "రవంత ఉండు, మీ బావ పిలస్తా ఉండాడు" అని ఫోను బోర్లించింది. ఇన్నాళ్లూ ఆ తర్వాత మాకేమీ వినిపించేది కాదు. ఈరోజు కుండలోంచి చెంపదెబ్బలు వినిపించాయి. అక్క తల గోడకు కొట్టుకున్న చప్పుడూ వినిపించింది.

"సౌండు తగ్గించురా, వీధిలోళ్లు ఇంటారు" అన్నాడు నాయన.

"ఇన్నాళ్లూ తక్కువగానే ఉన్నింది కద నాయనా!" అని అరిచి, పూర్తిగా పెంచాను.

తెల్లారి మొదటి బస్సెక్కుతాను. వాడి చెయ్యి విరిచేస్తానేమోనని భయంగా ఉంది. విరవకుండానే తిరిగొస్తానేమోనని అంతకంటే భయంగా ఉంది.